పరుల మాటకు పూచీ: యంత్రయుగంలో న్యాయవాద వృత్తి – ఒక నైతిక పరిశీలన

ప్రస్తావన

న్యాయస్థానంలో దాఖలయ్యే పత్రాలలో వకాలత్తుకు ప్రత్యేక స్థానం ఉంది. ఒక మనిషి తన తరఫున మాట్లాడే అధికారాన్ని మరొక మనిషికి సంతకం చేసి అప్పగించే పత్రం అది. ‘వకీలు’ అనే మాట అరబ్బీ మూలం నుండి పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. ఎవరిని నమ్మి ఒక పనిని అప్పగిస్తామో ఆ వ్యక్తి అని దాని మూలార్థం. తరువాతి కాలంలో స్థిరపడిన ‘న్యాయవాది’ అనే మాట వాదించే పనిని తెలుపుతుంది. ‘వకీలు’ అనే పాతమాట అప్పగింతను తెలుపుతుంది. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాసానికి ప్రాతిపదిక. వాదనను సమకూర్చడంలో యంత్రం నేడు మనిషికి తోడ్పడుతున్నది. పాత తీర్పులను వెదుకుతున్నది, పత్రాలను సంగ్రహిస్తున్నది, ముసాయిదాలు రాస్తున్నది, ఒక భాష నుండి మరొక భాషలోకి మారుస్తున్నది. అయితే వకాలత్తులో ఉన్న అప్పగింతను అది స్వీకరించగలదా? స్వీకరించలేనప్పుడు దాని సాయంతో పనిచేసే మనిషి మీద ఆ భారం ఏ రూపంలో మిగులుతుంది? ఈ ప్రశ్నలను శబ్దప్రమాణ చర్చ, తెలుగు వ్యాకరణం, తెలుగు సాహిత్యంలోని న్యాయస్థాన చిత్రణల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

న్యాయభాషకు మధ్యవర్తులు

తెలుగువారికి చట్టం సొంత భాషలో నేరుగా అందిన సందర్భాలు తక్కువ. 13వ శతాబ్దిలో కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ధర్మశాస్త్రాన్ని తెలుగులో చెప్పిన తొలి ప్రయత్నాలలో అది ముఖ్యమైనది. తరువాతి పాలనలలో దావా, ఫిర్యాదు, ముద్దాయి, జప్తు, హామీ, రాజీ, వాయిదా వంటి మాటలు కచేరీల నుండి జనుల నోళ్ళలోకి వచ్చాయి. కంపెనీ కొలువులో న్యాయసంబంధమైన విధులను కూడా నిర్వహించిన సి. పి. బ్రౌన్ ఇటువంటి వ్యవహార పదాలకు అర్థవివరణగా 1852లో ‘జిల్లా నిఘంటువు’ను ప్రకటించాడు. అధికారికి జనుల మాట, జనులకు అధికారి మాట అర్థం కాకపోవడమే అటువంటి నిఘంటువు అవసరాన్ని కల్పించింది.

స్వాతంత్ర్యానంతరం కూడా ఈ దూరం తొలగలేదు. పార్లమెంటు వేరే ఏర్పాటు చేసేవరకు సుప్రీంకోర్టు, హైకోర్టుల కార్యకలాపాలు ఆంగ్లంలో సాగాలని రాజ్యాంగంలోని 348వ అధికరణం నిర్దేశించింది. కక్షిదారుకూ న్యాయస్థానానికీ మధ్య దస్తావేజు లేఖరి, వకీలు గుమాస్తా, తర్జుమాదారు, న్యాయవాది వరుసగా నిలిచారు. కనుక యంత్రం రాకముందు న్యాయం స్వచ్ఛంగా, నేరుగా లభించేదనీ, యంత్రమే మధ్యలో అడ్డు వచ్చిందనీ భావించడం చారిత్రకంగా సరికాదు. మధ్యవర్తి పూర్వమూ ఉన్నాడు. ఆ మధ్యవర్తి ఎవరో, ఎక్కడ ఉంటాడో కక్షిదారుకు తెలుసు. తప్పు జరిగితే నిలదీయడానికి ఒక మనిషి ఉన్నాడు. నేటి మార్పులో పరిశీలించవలసినది ఈ అంశాన్నే.

మారిన పని, మారిన పనిచోటు

2007లో మొదలైన ఈ–కోర్టుల పథకం న్యాయస్థానాల దస్త్రాలను కంప్యూటర్లలోకి చేర్చింది. ఆ పథకం మూడవ దశకు 2023లో కేంద్ర మంత్రివర్గం రూ. 7,210 కోట్లు ఆమోదించింది. 2019 నవంబరులో సుప్రీంకోర్టు ‘సువాస్’ అనే అనువాద సాధనాన్ని ప్రవేశపెట్టింది. తీర్పులను ఆంగ్లం నుండి తెలుగు సహా పలు భారతీయ భాషలలోకి మార్చడానికి అది ఉద్దేశించినది. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ కాలంలో, వీడియో ద్వారా విచారణలు జరపడానికి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 2022 సెప్టెంబరు నుండి రాజ్యాంగ ధర్మాసనాల విచారణలు ప్రత్యక్ష ప్రసారమవుతున్నాయి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత నేర విచారణలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిపే వీలు కల్పించింది.

దీనితో పాటు న్యాయవాది పనిచోటు కూడా మారింది. సీనియరు ఇంటి ముందుగదిలో ఉండే ఆఫీసు, గోడల పొడుగునా లా జర్నళ్ళ సంపుటాలు, సాయంత్రం వేళ బెంచీల మీద ఎదురుచూసే కక్షిదారులు – ఈ దృశ్యం జిల్లా కేంద్రాలలో ఇంకా ఉన్నది. కాని నగరాలలో పెద్ద న్యాయసంస్థలు, వాటిలో గంటల లెక్కన కొలిచే పని, తెర మీద జరిగే సమావేశాలు, ఒప్పంద పత్రాలను వందల సంఖ్యలో జల్లెడపట్టే సాధనాలు వచ్చాయి. అక్కడ పనిచేసే యువ న్యాయవాది నెలల తరబడి కక్షిదారు ముఖం చూడకుండానే పనిచేయవచ్చు. ఈ రెండు పనిచోట్లకు చెందిన నైతిక ప్రశ్న ఒక్కటే: మాట ఎవరిది, దానికి పూచీ ఎవరిది?

ఆప్తత్వం అనే కొలమానం

ఈ ప్రశ్నను విచారించడానికి న్యాయదర్శనంలోని శబ్దప్రమాణ చర్చ ఒక కొలమానాన్ని ఇస్తుంది. ఆప్తుని ఉపదేశమే శబ్దప్రమాణమని గౌతముని సూత్రం. ఆ సూత్రానికి భాష్యం రాసిన వాత్స్యాయనుని ప్రకారం ఆప్తుడు విషయాన్ని ప్రత్యక్షంగా ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్లు చెప్పాలనే కోరికతో మాట్లాడేవాడు. ఈ లక్షణం ఋషులకూ ఆర్యులకూ మ్లేచ్ఛులకూ సమానమేనని కూడా భాష్యకారుడు స్పష్టం చేశాడు. అంటే ఆప్తత్వం కులం వల్లగాని, విద్య వల్లగాని, పదవి వల్లగాని వచ్చేది కాదు. తెలిసి ఉండటం, తెలిసినదాన్ని నిజాయితీగా చెప్పగోరడం అనే రెండే దానికి మూలాలు.

ఈ కొలమానంతో చూస్తే భాషాయంత్రానికి రెండు లక్షణాలూ లేవు. అది దేనినీ ప్రత్యక్షంగా ఎరుగదు. చెప్పగోరే సంకల్పమూ దానికి లేదు. ఇంతకు ముందు రాసి ఉన్న మాటల పోకడను బట్టి తరువాతి మాటను అది కూర్చుతుంది. ఆ కూర్పు చాలాసార్లు నిజంతో సరిపోతుంది. అయినప్పటికీ అది ఆప్తవాక్యం కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. న్యాయవాది కూడా సంఘటనను ప్రత్యక్షంగా చూసినవాడు కాడు. మరి అతడు ఆప్తుడెలా అవుతాడు? ఈ ఆక్షేపణ సమంజసమైనదే. సంఘటన విషయంలో ఆప్తత్వం సాక్షిది లేదా కక్షిదారుది. న్యాయవాదికి ప్రత్యక్షంగా తెలిసినది ఒకటే: తాను విన్న మాట. ‘నా కక్షిదారు ఇలా చెప్పాడు’ అన్నంతవరకే అతడు ఆప్తుడు. కనుక అతని వృత్తిధర్మానికి పునాది వినడంలో ఉంది. న్యాయవాదిని వెదుకులాట శ్రమ నుండి తప్పించే యంత్రం ఆ పునాదిని కదిలించదు. అదే యంత్రం వినే శ్రమ నుండి కూడా తప్పిస్తే, కక్షిదారు మాట స్థానంలో దాని సారాంశాన్ని తెర మీద చదివి వాదనకు లేస్తే, అతనికున్న పరిమితమైన ఆప్తత్వం కూడా పోతుంది. ఈ వ్యాసం ప్రతిపాదించే ప్రధానమైన విభజన ఇదే.

‘ట’కార భేదం: సాక్షి మాట, యంత్రానువాదం

వినడం ఎంత సూక్ష్మమైన పనో తెలుగు వ్యాకరణం చూపుతుంది. ‘కొట్టాడు’, ‘కొట్టాడట’ అనే రెండు క్రియలను పరిశీలిద్దాం. మొదటిది వక్త తానుగా ఎరిగిన విషయం. రెండవది ఇతరుల వల్ల విన్నది. సాక్ష్యచట్టంలో ఈ తేడా ప్రాణప్రదమైనది. మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలి, చూసిన విషయాన్ని చూసినవారే చెప్పాలి అన్నది పాత సాక్ష్యచట్టంలోనూ, 2024 నుండి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉన్న నియమం. ఆంగ్లంలో ఈ భేదం క్రియారూపంలో ఉండదు. దాన్ని వేరే మాటలతో చెప్పాలి. అనువాదంలో ఆ ఒక్క ‘ట’ జారిపోతే వినికిడి మాట కంటితో చూసిన సాక్ష్యంగా మారుతుంది. ఒక మనిషి స్వేచ్ఛ ఆ అక్షరం మీద ఆధారపడి ఉండవచ్చు.

రెండవ ఉదాహరణ సర్వనామాలకు సంబంధించినది. ‘మేము పోదామనుకున్నాం’, ‘మనం పోదామనుకున్నాం’ అనే వాక్యాలలో వినేవాడు చేరి ఉన్నాడా లేదా అన్నది తెలుగులో స్పష్టం. ఆంగ్లంలో రెంటికీ ఒకే సర్వనామం. ఉమ్మడి ఉద్దేశంతో చేసిన నేరం గురించి విచారణ జరుగుతున్నప్పుడు ఈ భేదం అప్రధానం కాదు. మూడవది, కర్తను వదిలివేసే మన అలవాటు. ‘రాత్రి లోపలికి వచ్చింది’ అని సాక్షి అంటే వచ్చినది స్త్రీ కావచ్చు, పశువు కావచ్చు. సందర్భం తెలిసినవారికే అది బోధపడుతుంది. ఆంగ్లానువాదం కర్తను పేర్కొనక తప్పదు కనుక ఊహించి ఒకదాన్ని ఎంచుకుంటుంది. ఇక నుడికారం సంగతి. ‘చెయ్యి చేసుకున్నాడు’ అంటే కొట్టాడని అర్థం. ‘చెయ్యి వేశాడు’ అని ఒక స్త్రీ చెప్పినప్పుడు అది స్నేహమో, అత్యాచార యత్నమో ఆమె గొంతు, ఆమె ఆగిన చోటు చెప్పాలి.

తర్జుమాదారు కూడా ఇటువంటి తప్పులు చేస్తాడు. దిగువ కోర్టులలో సాక్షి ప్రశ్నకు జవాబుగా ముక్కలుగా చెప్పిన మాటలను వరుస కథనంగా మార్చి రాసే పద్ధతిలోనే కొంత నష్టం ఉంది. అందుకే చట్టం ఒక రక్షణ కల్పించింది. నేర విచారణలో నమోదైన వాంగ్మూలాన్ని సాక్షికి చదివి వినిపించాలి; అది అతనికి తెలియని భాషలో ఉంటే తెలిసిన భాషలో వివరించాలి. మాట ఎవరి నోటి నుండి వెలువడిందో తిరిగి వారి చెవికి చేరాలన్నది ఈ నియమంలోని తాత్పర్యం. పని ఒత్తిడిలో ఇది లాంఛనంగా మారే ప్రమాదం ఎప్పుడూ ఉన్నదే. మాటను అక్షరంగా మార్చే యంత్రం వేగంతో ఆ ప్రమాదం పెరుగుతుంది. వేగంగా, తప్పుల్లేని వాక్యాలతో తెర మీద కనిపించిన దాన్ని మనిషి తక్కువగా శంకిస్తాడు.

ఇదే విషయానికి మరొక పార్శ్వం కూడా ఉంది. సుప్రీంకోర్టు తీర్పుల అనువాద ప్రతుల మీద, అవి కక్షిదారు తన భాషలో అర్థం చేసుకోవడానికే పరిమితమని, ఆంగ్ల ప్రతియే ప్రామాణికమని ప్రకటన ఉంటుంది. న్యాయస్థానం దృష్టిలో ఇది అవసరమైన జాగ్రత్త. తెలుగు పాఠకుని వైపు నుండి చూస్తే, తన జీవితాన్ని నిర్ణయించిన వాక్యం తన భాషలో చదువుకోవడానికే తప్ప ఆధారపడడానికి పనికిరాదు. 2023లో తెలంగాణ హైకోర్టు ఒక తీర్పును తెలుగులో వెలువరించింది. ఆ సంఘటన ప్రాముఖ్యం ఇక్కడే ఉంది. న్యాయమూర్తులు తెలుగు వాక్యానికి తామే పూచీ వహించారు.

లేని పెండ్లికూతురు, లేని తీర్పులు

2023లో న్యూయార్కు ఫెడరల్ జిల్లా కోర్టులో విచారణకు వచ్చిన మాతా వర్సెస్ అవియాంకా వ్యాజ్యం ప్రపంచవ్యాప్తంగా చర్చకు దారితీసింది. చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను ఒక న్యాయవాది నిజమైన పూర్వ తీర్పులుగా కోర్టుకు సమర్పించాడు. అవి నిజమైనవేనా అని అతడు ఆ యంత్రాన్నే అడిగాడు. నిజమేనని అది బదులిచ్చింది. న్యాయవాదులకు, వారి సంస్థకు కలిపి కోర్టు 5,000 డాలర్ల జరిమానా విధించింది. సాంకేతిక సాధనాల వాడకం తప్పుకాదని, సమర్పించిన దాని యథార్థతకు న్యాయవాదే కాపరి అని ఆ ఉత్తర్వు సారాంశం.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ ఘటన కన్యాశుల్కాన్ని గుర్తుకు తెస్తుంది. లుబ్ధావధాన్లు పెండ్లాడిన ‘అమ్మాయి’ నిజానికి కరటకశాస్త్రి శిష్యుడు మహేశం. ఆ వేషం మాయమైన తరువాత లుబ్ధావధాన్లు మీద హత్యాభియోగం వస్తుంది. లేని మనిషి మరణం చుట్టూ అభియోగం, లంచాలు, సాక్ష్యాల బేరాలు అల్లుకుంటాయి. కాగితం మీద అన్నీ పొందికగానే ఉండగలవు. నిజం వకీలు సౌజన్యారావు పంతులుకు చేరింది దస్త్రాల వల్ల కాదు. మధురవాణి స్వయంగా అతని ఇంటికి వచ్చి చెప్పడం వల్ల. సంఘం వేశ్యగా వెలివేసిన ఆమెయే అక్కడ ఆప్తురాలు. వేశ్యాసంపర్కానికి విముఖుడైన వకీలు ఆమె మాట వినవలసి వచ్చింది. కల్పన కాగితాల్లో ఎంత పటిష్ఠంగా నిలబడినా, తెలిసిన మనిషి నోటి మాట విన్నప్పుడే అది కూలుతుందని గురజాడ చూపాడు. న్యూయార్కు న్యాయవాది ప్రశ్న అడగడం మానలేదు. తెలిసి చెప్పగలవారిని కాక, తెలియకనే బదులివ్వగల దాన్ని అడిగాడు.

కేరళ హైకోర్టు 2025 జూలైలో జిల్లా న్యాయవ్యవస్థ కోసం ప్రకటించిన విధానం ఈ విషయంలో గమనార్హం. తీర్పులకు, నిర్ధారణలకు కృత్రిమ మేధను వాడరాదని, యంత్రానువాదాలను అర్హులైన మనుషులు సరిచూడాలని అది ఆదేశించింది. యంత్రాన్ని వెలివేయకుండా పూచీని మనిషి వద్దనే నిలిపిన విధానమది.

శిష్యరికం – రావిశాస్త్రి సాక్ష్యం

పూచీ వహించగల మనిషి ఎలా తయారవుతాడు? న్యాయవాద వృత్తిలో దానికి సమాధానం జూనియరు శిష్యరికం. ఫైళ్ళు చదివి తేదీల వరుస రాయడం, సంపుటాలు తిరగేయడం, వాయిదాలు అడగడం, సీనియరు పక్కన కూర్చుని కక్షిదారు గోడు వినడం – ఇవి చిన్నపనులుగా కనిపించినా వివేకం రూపొందినది వీటిలోనే. యంత్రం మొదట తీసుకుంటున్నవి ఈ పనులనే. శ్రమ తగ్గుతున్నది, దానితో పాటు ఆ శ్రమలో పెరిగే వివేకానికి చోటూ తగ్గుతున్నది. కింది మెట్లు లేకుండా పై మెట్టు ఎక్కినవాడు యంత్రం చూపిన ముసాయిదాలో తప్పును ఎలా పట్టగలడు?

విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ‘ఆరు సారా కథలు’లోని ‘మాయ’ కథ ఇక్కడ ప్రస్తావించదగినది. చదువుకున్న యువ ప్లీడరుకు, సారా కేసులో చిక్కిన ముత్యాలమ్మకు మధ్య నడిచే ఆ కథలో చట్టం తెలిసినవాడు ప్లీడరు; చట్టం ఎలా నడుస్తుందో తెలిసినది ముత్యాలమ్మ. ఆమె ఉత్తరాంధ్ర మాండలికంలో చెప్పుకొనే లోకరీతిలో ఏ న్యాయగ్రంథంలోనూ దొరకని జ్ఞానం ఉంది. దానిలో కేసుకు పనికివచ్చేది కొంతే. సంగ్రహించే యంత్రం మిగిలినదాన్ని అనవసరమని తీసివేస్తుంది. కాని యువకుని కళ్ళు తెరిపించేది ఆ ‘అనవసర’ భాగమే. రావిశాస్త్రి రచయితగా సాధించిన భాషకు ఆయన కోర్టు ఆవరణలో విన్న మాటలు ముడిసరుకు. న్యాయవాదికీ కథకునికీ వినడం ఒకే విద్య అనడానికి ఆయన జీవితమే నిదర్శనం.

ఈ వాదనను గతాన్ని పొగడటంగా భావించరాదు. పాత శిష్యరికం అందరికీ అందినది కాదు. మహిళలకు ఈ వృత్తి ద్వారాలు చట్టపరంగా తెరుచుకున్నది 1923లో. జూనియర్లు ఏళ్ళ తరబడి జీతం లేకుండా పనిచేయడం ఆనవాయితీగా సాగింది. నగరాలలో నెలకు రూ. 20,000, గ్రామీణ ప్రాంతాలలో రూ. 15,000 కనీస భృతి ఇవ్వాలని భారత బార్ కౌన్సిల్ సూచించినది 2024లో. అది కూడా సిఫారసు మాత్రమే. జీతం లేని శిష్యరికాన్ని భరించగలిగినది ఇంటి ఆసరా ఉన్నవారే. నేడు వాయిదా తేదీని కక్షిదారు తన ఫోనులో చూసుకుంటున్నాడు; ఆ ఒక్క సంగతి కోసం మధ్యవర్తి చేతిలో డబ్బు పెట్టవలసిన పని లేదు. తీర్పుల సంపుటాలు కొనలేని తొలితరం న్యాయవాదికి అవే తీర్పులు ఉచితంగా లభిస్తున్నాయి. రామప్పపంతులు వంటివారి బ్రతుకుతెరువును కొంతవరకైనా దెబ్బతీసిన సాంకేతికతను నిందించడం న్యాయం కాదు. మిగిలిన సమయాన్ని ఏమి చేస్తున్నామన్నదే ప్రశ్న. వెదుకులాటలో మిగిలిన రెండు గంటలు ముత్యాలమ్మ మాట వినడానికి వెచ్చిస్తే యంత్రం వృత్తికి మేలు చేసినట్లు. మరి రెండు కేసులు చేర్చుకోవడానికి వెచ్చిస్తే, ఆమె మాట వినేవారు మునుపటికన్నా తగ్గినట్లు.

ముగింపు

వకాలత్తు మాట్లాడే హక్కుతో పాటు ఆ మాటకు జవాబు చెప్పే బాధ్యతను కూడా అప్పగిస్తుంది. తెలియనిదాన్ని తెలిసినట్లు కూర్చగల యంత్రానికి ఆ బాధ్యతను బదిలీ చేయడం సాధ్యం కాదు. చేశామని అనుకున్నప్పుడు అది ఎవరి వద్దా ఉండదు; దాని నష్టం కక్షిదారుకు చేరుతుంది. కనుక యంత్రసాయానికి హద్దును పని కష్టాన్ని బట్టి కాక, ఆ పనిలో మనిషి మాట వినవలసి ఉందా లేదా అన్న దాన్ని బట్టి గీయాలి. యంత్రం నమోదు చేసిన, అనువదించిన ప్రతి మాటా చెప్పిన మనిషి చెవికి, ఆ మనిషి భాషలో, తిరిగి చేరాలి. ఇది కొత్త నియమం కాదు. వాంగ్మూలాన్ని చదివి వినిపించాలన్న పాత నియమానికి కొనసాగింపు.

ఈ విషయంలో తెలుగు శాఖలకూ పాత్ర ఉంది. ‘అట’ వంటి ప్రత్యయాల ప్రయోగం, మేము–మనం భేదం, కర్తృలోపం, ప్రాంతీయ నుడికారం ఇంతవరకు మనకు వ్యాకరణ పాఠ్యాంశాలు. న్యాయస్థానంలో అవి మనిషి స్వేచ్ఛకు, ఆస్తికి, గౌరవానికి సంబంధించిన అంశాలు. కళింగాంధ్ర, రాయలసీమ, తెలంగాణ ప్రాంతాల సాక్షులు వాడే మాటలకు అర్థవివరణ కోశాలు, న్యాయానువాదంలో తరచుగా జరిగే అర్థలోపాల వర్గీకరణ మన పరిశోధకులు చేపట్టదగిన పనులు. సాక్షి అన్న ‘ట’ కాగితం మీద ఉన్నదో లేదో చూసే బాధ్యతలో మనకూ వాటా ఉంది.